ఇటలీలో పుట్టిన మనుమడికి ఏ పేరు?

ఆ రోజు అస్ర్ నమాజు ముగిసి, పిల్లలు తమ తమ పాఠాల చుట్టూ చేరి కూర్చున్న వేళ మా పాత మిత్రులొకరు మదర్సా గడప తొక్కారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఉర్దూ పాఠశాలలో అయ్యవారిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. ఎప్పుడు వచ్చినా ముందు మా ఆరోగ్యం అడిగి, తరువాత తన ఆరోగ్యం చెప్పి, ఆ పైన గాని అసలు విషయానికి రారు. ఆ రోజు మాత్రం సలాము చెప్పి కూర్చోకుండానే, జేబులో నుండి నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి తీసి మా ముందుంచారు.

"మౌలానా, మనుమడు పుట్టి నేటికి అయిదు రోజులు. వాడికి ఈ పేరు పెడతాడట మా అబ్బాయి. ఇది హరామ్ అని ఒక్క ముక్క రాసి, సంతకం చేసి ఇవ్వండి. ఫోటో తీసి పంపిస్తాను."

కాగితం విప్పి చూశాము. ఉర్దూ అక్షరాలలో ఒకే ఒక్క మాట: లియొనార్డో.

ఆయన కుమారుడు ఇటలీ దేశంలోని టురిన్ నగరంలో, కార్ల తయారీకి సంబంధించిన ఉద్యోగంలో స్థిరపడి ఏడేళ్ళయింది. బాల్యంలో మా దగ్గరే అలిఫ్ బే దిద్దినవాడు. కోడలు కూడా చదువుకున్న పిల్ల. వారికి ఇదే తొలి సంతానం. తాతగారు తమ తండ్రి పేరైన అబ్దుస్సత్తార్ అని పెట్టాలని బిడ్డ పుట్టక మునుపే నిశ్చయించుకుని ఉన్నారు. కుమారుడు ఫోనులో లియొనార్డో అన్న మరుక్షణం ఈయన ఫోను పెట్టేశారు. ఆ తరువాత కుమారుడు మూడు సార్లు చేసినా తీయలేదు. ఇంట్లో నానమ్మ ఒక గదిలో, తాత మరొక గదిలో. బిడ్డ పుట్టిన ఇంట్లో మిఠాయి పంచినవారు లేరు.

నిజం చెప్పవలసి వస్తే, ఆ క్షణంలో మా చేయి కలం మీదకే పోయింది. అయిదు పూటలా నమాజు చదివే ఇంటిలో పుట్టిన బిడ్డకు లియొనార్డో ఏమిటన్న కోపం మాకూ కలిగింది. అయినా ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి కలం అక్కడే ఆగిపోయింది. పాఠకులకు ఆ సంగతి చెప్పకుండా ముందుకు సాగడం న్యాయం కాదు.

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. మేము పడమటి పల్లెలలో ఒక చిన్న మస్జిదులో ఇమామతు చేస్తున్న కాలం. కూలి పని చేసుకునే ఒక సోదరుడు జుమా నమాజు అయిన తరువాత బిడ్డను ఎత్తుకుని వచ్చి, పాపకు వెన్నెల అని పేరు పెట్టుకున్నాము, దుఆ చేయండి అన్నాడు. మేము పది మంది ముందు అతణ్ణి గట్టిగా కసిరాము. ఇది ముస్లిముల పేరేనా, నీకు దీన్ తెలుసా అన్నాము. అతడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆ ఇంటి పెద్దపిల్లలు ఇద్దరూ మక్తబుకు రావడం మానేశారు. అతడు ఈద్ నమాజుకు పక్క ఊరికి పోయేవాడని విన్నాము. కొంతకాలానికి మా సొంత చెల్లెలికి ఆడపిల్ల పుడితే మేమే మహతాబ్ అని పేరు సూచించాము. మహతాబ్ అంటే ఏమిటి? ఫారసీలో వెన్నెల! పర్షియా వెన్నెల పవిత్రమూ, మన కృష్ణ ఒడ్డు వెన్నెల నిషిద్ధమూ ఎట్లా అయ్యాయో ఆ రోజు మమ్మల్ని మేము అడిగి చూసుకున్నాము. జవాబు దొరకలేదు. క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళేసరికి ఆ కుటుంబం పనుల కోసం ఊరు విడిచి వెళ్ళింది. ఆ ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఏ దారిలో ఉన్నారో అల్లాహ్‌కే ఎరుక. రేపు ఆయన ముందు మేము జవాబు చెప్పవలసిన లెక్కల్లో అదొకటి.

అందుకే మా మిత్రునితో, "ఈ ఒక్క రాత్రి గడువు ఇవ్వండి మాస్టారూ" అన్నాము. ఆయన సంతోషించలేదు. కాగితం మాత్రం మా దగ్గరే వదిలి వెళ్ళారు.

ఆ రాత్రి మేము మళ్ళీ తిరగేసిన విషయాలను మన పాఠకులతో పంచుకుంటాము. విదేశాలలో బిడ్డలున్న ఇళ్ళు ఇప్పుడు మనలో తక్కువ కావు. ఈ ప్రశ్న నేడు ఒక ఇంటిది, రేపు మరొక ఇంటిది.

మొదటిది, మంచి పేరు తండ్రి మీద బిడ్డకు గల హక్కు. అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని దైవప్రవక్త (స) తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. తమకు కుమారుడు పుట్టినప్పుడు ఆయన తమ మూలపురుషుడైన ఇబ్రాహీమ్ (అలై) పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టడం, తల నీలాలు తీయించడం, అఖీఖా ఇవ్వడం ఏడవ రోజున జరగాలని సమురా (రజి) ఉల్లేఖనం తెలుపుతుంది. పుట్టిన రోజునే పెట్టినా దోషం లేదు.

రెండవది, చెడు అర్థం గల పేర్లను ప్రవక్త (స) మార్చేవారు. ఆసియా, అనగా అవిధేయురాలు అనే అర్థం వచ్చే పేరు గల స్త్రీకి జమీలా అని పేరు పెట్టారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫిరౌను భార్య ఆసియా పేరు అరబీలో వేరే అక్షరాలతో రాస్తారు, అది మంచి పేరే. హజ్న్, అంటే కరకు నేల అనే పేరు గల వ్యక్తికి సహ్ల్, అంటే మెత్తని నేల అని మార్చుకోమని ఆయన సూచించారు. తండ్రి పెట్టిన పేరును మార్చుకోనని ఆ వ్యక్తి అన్నాడు. ఆ కరకుతనం తరువాత కూడా మా వంశంలో నిలిచిపోయిందని ఆయన మనుమడు, మహా పండితుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ చెప్పుకునేవారు. పేరు గాలికి పోయే శబ్దం కాదని దీనివలన తెలుస్తున్నది.

మూడవది, మనం తరచుగా మరచిపోయేది. ప్రవక్త (స) మార్చినవి చెడు అర్థం గల పేర్లను, షిర్క్ తగిలిన పేర్లను, గొప్పలు పోయే పేర్లను. పరభాష పేరు అన్న ఒక్క కారణంతో ఆయన మార్పించలేదు. ఈజిప్టు నుండి వచ్చిన మారియా (రజి) ఆయన ఇంటిలోనూ మారియాగానే ఉన్నారు. ఆమె కన్న బిడ్డే ఇబ్రాహీమ్. ఉమర్, ఉస్మాన్, ఖాలిద్ వంటి పేర్లన్నీ ఇస్లాముకు ముందు నుండి ఉన్నవే. వాటి అర్థాలలో దోషం లేదు గనుక అట్లాగే కొనసాగాయి.

మదర్సాలో హిదాయతున్నహ్వ్ చదివిన ప్రతి విద్యార్థికీ 'గైర్ మున్సరిఫ్' పాఠం గుర్తుంటుంది. ఒక నామవాచకం తన్వీన్‌ను స్వీకరించకపోవడానికి తొమ్మిది కారణాలు కంఠస్థం చేయిస్తాము. వాటిలో ఒకటి ఉజ్మా, అనగా ఆ పేరు అరబేతర భాషది కావడం. ఉదాహరణగా ఏ పేరు చెబుతాము? ఇబ్రాహీమ్! ఇస్మాయీల్, ఇస్హాఖ్, యాఖూబ్, యూసుఫ్ అన్నీ ఆ కోవలోనివే. అంటే మనం అచ్చమైన ఇస్లామీ పేర్లుగా తలదాల్చే వాటిలో ఎన్నో అరబీ వ్యాకరణం ప్రకారం పరభాష పేర్లు. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన మేము, వెన్నెల విషయంలో దానిని మరచాము.

మన ఇళ్ళలోని పేర్లనే చూడండి. ఫీరోజ్, గుల్జార్, షహనాజ్, రోషన్ అన్నీ ఫారసీ మాటలే. పర్వేజ్ అన్న పేరు మనవారికి ఎంతో ఇష్టం. ప్రవక్త (స) పంపిన లేఖను చించివేసిన పర్షియా చక్రవర్తి ఖుస్రో బిరుదు అది అని ఎంతమందికి తెలుసు? మన కోస్తా పల్లెల్లో దర్గా మొక్కుల పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. అరబీ ధ్వని ఉంటే చాలు, అర్థం అక్కరలేదనుకునే అలవాటు మనలో ఉంది. అర్థం తెలియని అరబీ పేరు కంటె, అర్థం తెలిసిన మంచి పేరు ఏ భాషదైనా మేలు.

ఈ కొలబద్దతో ఇటలీ పేర్లను పరిశీలించాము. మా దగ్గర చదివి రోములో పనిచేస్తున్న మరొక విద్యార్థి ఫోనులో ఓపికగా సహకరించాడు. అవి నాలుగు రకాలుగా తేలాయి.

మొదటి రకం ముస్లిం ఇంటిలో పెట్టకూడనివి. క్రిస్తియానో అంటే క్రైస్తవుడనే అర్థం. సాల్వతోరె అంటే రక్షకుడు, అక్కడ ఆ మాట ఈసా (అలై) గురించి క్రైస్తవ విశ్వాసం చెప్పే అర్థంలో వాడేది. పస్క్వాలె ఈస్టరు పండుగకు, నతాలె క్రిస్మసుకు సంబంధించినవి. క్రిస్తోఫొరో అంటే క్రీస్తును మోసేవాడు. ఇవి ఆ మతానికి ప్రత్యేకమైన గుర్తులు. వారి విశ్వాసం వారిది, దానిని మనం గౌరవిస్తాము. మన బిడ్డ నుదుట మాత్రం రాయము.

రెండవ రకం పురాతన రోమను దేవతల వాసన గలవి. మార్కో, మార్తీనో అన్న పేర్లు మార్స్ అనే యుద్ధ దేవుని పేరు నుండి వచ్చినవని చెబుతారు. వీటిని వదలుకోవడమే మేలు.

మూడవ రకం అర్థంలో దోషం లేనివి. ఫెలీచె అంటే సంతోషి, మన సయీద్‌కు దగ్గర. వాలేరియో అన్న పేరులో బలం ఉంది. విత్తోరియో అంటే విజయం, మన జఫర్. దొనాతో అంటే ప్రసాదించబడినవాడు, మన అతా. తెయొదోరో గ్రీకు నుండి వచ్చిన పేరు, అర్థం దేవుని కానుక, అతావుల్లాహ్ వంటిది. మాస్టారి ఇంట్లో కలత రేపిన లియొనార్డో కూడా ఈ కోవలోనిదే. పాత జర్మను భాషలో సింహంవలె దృఢమైనవాడని అర్థం. ఇటీవలి సంవత్సరాలలో ఇటలీలో మగపిల్లలకు అన్నిటికంటె ఎక్కువగా పెడుతున్న పేరు అది. మన అసద్, హైదర్, షేర్ అన్నీ సింహాలే గదా!

నాల్గవ రకం చూసి మేమే ఆశ్చర్యపోయాము. ప్రవక్తల పేర్లు ఆ దేశంలో నిత్య వాడుకలో ఉన్నాయి. యూసుఫ్ అక్కడ జ్యుసెప్పె, యాఖూబ్ జాకొమో, దావూద్ దావిదె, జకరియ్యా జక్కరీయా, ఇల్యాస్ ఎలీయా, ఆదమ్ అదామో, యహ్యా జొవాన్ని. ఒమర్ అన్న పేరు ఇటలీవాళ్ళే తమ పిల్లలకు పెట్టుకోవడం కూడా ఉన్నది. వారికీ మనకూ మధ్య వంతెన లేదని మనమే అనుకుంటున్నాము. వంతెన మీద ప్రవక్తలు నిలబడి ఉన్నారు.

మరునాడు, అంటే ఆరవ రోజున, మేమే టురిన్‌కు ఫోను చేశాము. ఆ అబ్బాయి గొంతులో ముందు బెరుకు, తరువాత కోపం, ఆ తరువాత దుఃఖం వినిపించాయి.

"మౌల్వీసాబ్, నేను దీన్ వదిలిపెట్టలేదు. ఇల్లు అద్దెకు కావాలని ఒకరికి ఫోను చేశాను. పేరు చెప్పగానే ఇల్లు ఇచ్చేశామన్నారు. గంట తరువాత నాతో పనిచేసే ఇటలీ మిత్రుడు అదే ఇంటికి ఫోను చేస్తే, సాయంత్రం వచ్చి చూసుకోమన్నారు. ఉద్యోగాలకు పంపిన దరఖాస్తులు ఎన్ని తిరిగి రాలేదో లెక్క లేదు. ఇవన్నీ నా కొడుకు పడకూడదు. కాగితం మీద లియొనార్డో, ఇంట్లో అబ్దుస్సత్తార్. ఇందులో తప్పేముంది?"

ఆ అవమానం చిన్నది కాదు. ఇక్కడ మన నగరాలలో అద్దె ఇంటి కోసం తిరిగిన ముస్లిం యువకులకు అది కొత్తదీ కాదు. తండ్రి భయాన్ని మేము హేళన చేయలేదు. పైగా అతనికి అనుకూలమైన ఆధారం ఒకటి మేమే చెప్పాము. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా నాయకుడు ఉమయ్యాతో ఒక ఒప్పందం రాసుకునేటప్పుడు, రహ్మాన్ ఎవరో నాకు తెలియదు, నీ పాత పేరే రాయమని ఉమయ్యా పట్టుబడితే, ఆ పత్రంలో తమ పాత పేరు రాసిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. అవసరార్థం కాగితం మీద వేరే పేరు ఉండటంతో ఈమాను పోదు.

"అయితే బాబూ, ఒక్కటి ఆలోచించు" అన్నాము. "ఆ మహనీయునికి తానెవరో అప్పటికే తెలుసు. ఈ పసివాడికి ఇంకా తెలియదు. బడిలో ఉపాధ్యాయురాలు పిలిచేది, ఆటస్థలంలో స్నేహితులు పిలిచేది కాగితం మీది పేరుతోనే. ఇంట్లో పేరు సాయంత్రానికి మిగిలిన పేరవుతుంది. ఒక పేరు పగటికి, ఒక పేరు రాత్రికి అయితే, పగటి పేరును వాడు నిజమనుకుంటాడు. ఇక రెండవ మాట. మీ ఇంటిపేరు షేక్. తలుపు గంట పక్కన ఆ పేరు ఉండనే ఉంటుంది. దాని ముందు లియొనార్డో చేరినంత మాత్రాన మూసుకున్న తలుపు తెరుచుకుంటుందా?"

అవతల చాలాసేపు నిశ్శబ్దం.

అప్పుడు అతనికి ఆ నేల చరిత్ర గుర్తుచేశాము. పాఠకులలో కొందరికి ఇది కొత్తగా ఉండవచ్చు. క్రీ.శ. 827లో ఖైరవాన్ ఖాజీ, మాలికీ న్యాయశాస్త్ర పండితుడు అసద్ బిన్ ఫురాత్ నాయకత్వంలో ముస్లిములు సిసిలీ ద్వీపంలోని మజారా తీరంలో దిగారు. 831లో పలెర్మో వారి వశమయింది. రెండు శతాబ్దాలకు పైగా అక్కడ అజాన్ మోగింది. 1091 నాటికి ద్వీపం యావత్తూ నార్మన్ల చేతికి పోయింది. తొలి రాజులు ముస్లిం పండితులను ఆదరించారు. ఇద్రీసీ తన ప్రసిద్ధ భూగోళ గ్రంథాన్ని 1154లో పలెర్మోలోనే పూర్తి చేశాడు. కాలం గడిచేకొద్దీ ఒత్తిడి పెరిగింది.

హజ్ ముగించుకుని తిరిగి వెళుతూ 1184 చివరలో ఓడ పగిలి మెస్సీనాలో దిగిన అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, అక్కడ రాజు కొలువులోని ఒక ఉద్యోగిని కలిశాడు. అతని పేరు అబ్దుల్ మసీహ్, అనగా క్రీస్తు దాసుడు. ఆ మనిషి గదిలో అందరినీ పంపివేసి, మక్కా మదీనాల ముచ్చట్లు అడిగి, తాను ముస్లిమునేననీ, దానిని దాచుకుని బ్రతుకుతున్నాననీ యాత్రికునితో చెప్పుకున్నాడు. త్రాపని పట్టణంలో ఒక ముస్లిం పెద్దమనిషి తన కుమార్తెను యాత్రికులలో ఒకరికి అప్పగించి, మీ దేశం తీసుకుపోయి పెళ్ళి చేయండి, ఇక్కడ ఉంటే దీన్ నిలవదు అని వేడుకున్నాడట. ఆ తండ్రి గుండె ఎట్లా ఉండి ఉంటుందో!

ఆ తరువాత ఫ్రెడరిక్ చక్రవర్తి మిగిలిన ముస్లిములను ఇటలీ ప్రధాన భూభాగంలోని లుచేరా పట్టణానికి తరలించాడు. 1300లో ఆ పట్టణమూ ముస్లిముల బస్తీగా అంతరించింది. నేడు సిసిలీలో, దక్షిణ ఇటలీలో వాదలా, బదలా అనే ఇంటిపేర్లు ఉన్నాయి. అవి అబ్దుల్లాహ్ నుండి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన పేరు అక్కడ ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. ఆ పేరు మోసిన వంశాలు మాత్రం తరతరాలుగా చర్చికి వెళ్ళాయి.

"చూడు బాబూ, అబ్దుల్ మసీహ్ అన్న పేరు ఆ ఉద్యోగి గుండెలోని ఈమానును చెరిపివేయలేదు. అబ్దుల్లాహ్ అన్న పేరు ఆ వంశాల ఈమానును కాపాడనూ లేదు. కాపాడేది ఇంట్లో బిడ్డకు అందే దీన్. మరి పేరు దేనికంటావా? ఆ దీన్ తన ఇంట్లో ఉందని బిడ్డకు ప్రతిరోజూ గుర్తుచేయడానికి. మీ అబ్బా కోరిన పేరు పెట్టినా వాడికి దీన్ నేర్పకపోతే అది మరొక వాదలా అవుతుంది. నీ లియొనార్డో హరామ్ అని మేము రాయము. దానికంటె మేలైనది ఉందని మాత్రం చెబుతాము."

అప్పుడు మాకొక సంగతి స్ఫురించింది. ఆరు రోజులుగా తాత మాట్లాడారు, తండ్రి మాట్లాడాడు, మేమూ మాట్లాడాము. తొమ్మిది నెలలు మోసిన తల్లిని అడిగినవారు లేరు. అదే మాట అన్నాము. ఆ అబ్బాయి ఫోను లోపలికి తీసుకుపోయాడు.

కోడలు మెల్లగా సలాము చెప్పింది. "మౌల్వీసాబ్, ఎవరూ అడగలేదని నేను చెప్పలేదు. నాకు మొదటి నుండి ఇల్యాస్ అని ఉంది. మా పక్కింటి ఇటలీ అవ్వ మనుమడి పేరు ఎలీయా. ఇద్దరూ ఒక ప్రవక్త పేరే పెట్టుకున్నారు అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది."

మేము అల్హమ్దులిల్లాహ్ అన్నాము. ఇల్యాస్ (అలై) గాథ దివ్య ఖుర్ఆన్‌లోని సాఫ్ఫాత్ సూరాలో ఉంది. ఒక జాతి యావత్తూ బఅల్ విగ్రహాన్ని పిలుస్తూ ఉంటే, ఏకైక ప్రభువు వైపు పిలిచిన ప్రవక్త ఆయన. పదుగురిలో ఒక్కడుగా బ్రతకవలసిన బిడ్డకు అంతకంటె అండ అయిన పేరు ఏముంటుంది? పలకడానికి కష్టం లేదు. ఇటలీ భాషలో హకారం పలకరు, హామిద్ ఆమిద్ అవుతాడు. ఖ, గ అక్షరాలు గొంతులో పుట్టవు. అబ్దుస్సత్తార్ అని రాస్తే బడిలో అబ్దుల్ అన్న ముక్కే మిగలవచ్చు, ఎవరి దాసుడో చెప్పకుండా! ఇల్యాస్ ఏ నోటనైనా ఇల్యాస్‌గానే ఉంటుంది.

ఇక ప్రభుత్వ వ్యవహారం. ఇలాంటి స్థితిలో ఉన్న కుటుంబాల కోసం తెలిసినంత రాస్తాము. ఇటలీలో బిడ్డ పుట్టిన పది రోజులలోపు మునిసిపాలిటీ కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆసుపత్రిలోనే చేయించదలిస్తే మూడు రోజులే గడువు. ఏడవ రోజున పేరు పెట్టే సున్నత్ పాటించేవారికి ఆ చట్టం అడ్డు కాదు, ఏడు పదిలోపే గదా! జీవించి ఉన్న తండ్రి పేరును గాని, జీవించి ఉన్న తోబుట్టువు పేరును గాని బిడ్డకు యథాతథంగా పెట్టడానికి అక్కడి 2000 సంవత్సరపు పౌర నమోదు నిబంధనలు ఒప్పుకోవు. నవ్వులపాలు చేసే పేర్లనూ ఒప్పుకోవు. కొన్నేళ్ళ క్రితం జెనోవా నగరంలో ఒక జంట తమ కుమారునికి వెనెర్ది, అంటే శుక్రవారం అని పేరు పెడితే న్యాయస్థానం కుదరదన్నది. మన జుమా వారికి పేరు కాలేకపోయింది! రెండు పేర్ల మధ్య కామా పెడితే ధ్రువపత్రాలలో మొదటి పేరు మాత్రమే వస్తుంది. కాబట్టి రెండవ పేరుగా పెట్టి తృప్తిపడదామనుకునే తాతలు ఆ కామా సంగతి గమనించాలి.

అక్కడ పుట్టినంత మాత్రాన బిడ్డ ఇటలీ పౌరుడు కాడు. భారత పౌరసత్వం కోసం ఏడాదిలోపు మన కాన్సులేటులో నమోదు చేయించాలి. రెండు చోట్లా పేరు అక్షరం తేడా లేకుండా ఒక్కటే ఉండాలి. అక్కడి పదహారు అక్షరాంకెల పన్ను సంఖ్యలో కూడా కొంత భాగాన్ని ఇంటిపేరు, పేరులోని అక్షరాలతోనే కూర్చుతారు. నేడు చేసిన అక్షర దోషం బిడ్డకు ఇరవై ఏళ్ళ వరకూ తలనొప్పి.

ఆ సాయంత్రం మేమే మాస్టారి ఇంటికి నడిచి వెళ్ళాము. ఆయన కాగితం ఆయనకు తిరిగి ఇచ్చాము. అందులో లియొనార్డో కింద ఇల్యాస్ అని రాసి ఉంది. ఆయన చాలాసేపు చూశారు.

"మా నాన్న పేరు పోయినట్లేనా మౌలానా?" అన్నారు చివరకు.

ఆ గొంతు విన్నప్పుడు, ఆయన ఇన్నాళ్ళూ పోట్లాడినది ఇటలీతో కాదనీ, చనిపోయిన తండ్రిని మరొక్కసారి పిలవాలన్న ఆశతోననీ మాకు అర్థమయింది. "మీ నాన్నగారు మీకు ఫజ్ర్ నమాజుకు లేవడం నేర్పారు. అది మీరు మీ కొడుక్కు నేర్పారు. వాడు ఇల్యాస్‌కు నేర్పితే అబ్దుస్సత్తార్ గారు అక్కడ ఉన్నట్లే" అన్నాము. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేము. లోపలి గదిలో నుండి నానమ్మ వచ్చి, ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ ఫోను తీసుకున్నారు. కొడుకు సలాముకు బదులిచ్చారు. బిడ్డను చూపించమన్నారు. తెర మీద ఎర్రని చిన్న ముఖం కనిపించగానే, ఇల్యాస్ అని ఆయనే మొదట పిలిచారు.

ఏడవ రోజున టురిన్‌లో బిడ్డకు ఆ పేరు పెట్టారు. అఖీఖా పద్నాలుగవ రోజున ఇక్కడ, మన ఊళ్ళో జరిగింది. రెండు మేకలు జబహ్ చేసి, బంధువులకూ, పేదలకూ, మదర్సా పిల్లలకూ పంచారు. బిడ్డ ఒక దేశంలో, అఖీఖా మరొక దేశంలో జరగడంలో దోషం లేదని పండితులు చెప్పారు.

విదేశాలలో ఉన్న మా బిడ్డలకు ఒక విన్నపం. పేరు ఎన్నుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీని అర్థం ఏమిటి? అల్లాహ్ ముందు ఈ పేరుతో పిలువబడితే నా బిడ్డ సిగ్గుపడతాడా? బిడ్డ పెద్దవాడై ఈ పేరు ఎందుకు పెట్టారని అడిగితే నా దగ్గర చెప్పడానికి మంచి జవాబు ఉందా? భయపడి పెట్టాను అన్నది జవాబు కారాదు. పంతానికి పెట్టాను అన్నదీ కారాదు.

ఇక్కడి పెద్దలకూ ఒక విన్నపం. బిడ్డ పేరు నచ్చకపోతే మాట చెప్పండి, ఫోను పెట్టేయకండి. సముద్రాలకు అవతల ఉన్నవారికి దీన్ గుర్తుచేసే గొంతు మీదే. ఆ గొంతు మూగబోతే అక్కడ మిగిలేది కాగితం మీది పేరు ఒక్కటే. మా వంటి ఇమాములకు ఇంకా పెద్ద విన్నపం, ముందుగా మాకు మేమే చెప్పుకునేది: బిడ్డను ఎత్తుకుని వచ్చిన తండ్రిని పది మందిలో కసరకండి. ఒక రాత్రి గడువు అడగండి.

వెన్నెల అనే పేరు గల అమ్మాయి, ఈపాటికి ఇరవై ఏళ్ళది, ఎక్కడైనా ఈ పుట చదువుతూ ఉంటే, తల్లీ, నీ పేరు మంచి పేరు. మీ నాన్నగారికి మా సలాము చెప్పు. మమ్మల్ని క్షమించమని అడుగు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కనులకు చల్లదనంగా చేయుగాక! వారు ఏ నేల మీద ఉన్నా, ఏ పేరుతో పిలువబడినా, ఆయన దాసులుగానే పిలువబడే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.